చూసినంతే రాయి

పోయిన వారం అమ్మను ఎముకల డాక్టరుకు చూపించడానికి తీసుకువెళ్లి వరండాలో వంతు కోసం కూర్చున్నాను. వెనక వరసలో ఎవరో నడుముకు కట్టుకున్న బెల్టు ఊడదీశారు. పాత గుడ్డ చింపినట్టు చర్రుమని చప్పుడు. తిరిగి చూస్తే నాకు తెలియని మనిషి. అయినా ఆ చప్పుడు చెవిన పడగానే ఒళ్లో సంచి మీద నా వేళ్లు వాటంతట అవే ఆగిపోయాయి. కొన్నేళ్లపాటు అది నాకు అలవాటు. హవల్దార్ అంజయ్య కాకా నాకు అర్జీ చెబుతూ చెబుతూ, నొప్పి ఓర్చుకోలేనప్పుడు అలాగే బెల్టు విప్పి, కళ్లు మూసుకుని నాలుగుసార్లు ఊపిరి తీసుకుని, మళ్లీ బిగించుకునేవాడు. అంతసేపూ నేను టైపు ఆపి కూర్చునేదాన్ని.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు నేను డిగ్రీ మధ్యలో ఆపేసి, నల్లగొండలో కోర్టు ఎదురుగా ఉన్న సందులో ఒక టైపింగు, జిరాక్సు దుకాణంలో పనికి చేరాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. అర్జీలు బాగా రాస్తుందని త్వరగానే పేరొచ్చింది. ఎక్కడ దండం పెట్టాలో, ఎక్కడ కన్నీళ్లు పెట్టించాలో నాకు తెలుసని నా నమ్మకం. ఒక ఎండపొద్దున ఆయన వచ్చాడు. యాభై దాటిన మనిషి. పొట్టి క్రాపు, ఇస్త్రీ చొక్కా, చంకలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఫైలు. స్టూలు జరిపి కూర్చోమన్నాను.

"కూసుంటే లేవలేను బిడ్డా. నిలబడే చెప్త, నువ్వు కొట్టు" అన్నాడు.

మునుగోడు దిక్కు ఊరు ఆయనది. పద్దెనిమిదేళ్లు సైన్యంలో చేశాడు. ఒక చలికాలం, కొండ మీది పోస్టుకు కిరోసిన్ డబ్బా వీపున మోసుకుని ఎక్కుతూ మంచు మీద జారి, డబ్బాతో సహా రాతి మీద వెల్లకిలా పడ్డాడు. ఆ వెంటనే మంచు తుపాను వచ్చి దారి మూసుకుపోయింది. ఎనిమిది రోజులు పైనే పడుకున్నాడు. పైన డాక్టరు లేడు, నొప్పి మాత్రలే. కిందికి తెచ్చాక దవాఖానలో చూశారు కానీ, ఎక్కడ పడ్డాడో, ఎలా పడ్డాడో ఎవరూ కాగితం మీద పెట్టలేదు. తర్వాత తేలిక పని ఇచ్చారు. రిటైరయ్యే ముందు మెడికల్ బోర్డు ఆయన నడుము గురించి ఇంగ్లీషులో ఒక వాక్యం రాసింది. సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు. దాని కింద ఆయనతో సంతకం పెట్టించారు. ఇంటికి పోయే తొందరలో పెట్టేశాడు. ఆ వాక్యానికి అర్థమేమిటో ఊరికి వచ్చి, వైకల్య పింఛను రాదని తెలిశాక ఎవరితోనో చదివించుకుంటే తెలిసిందట.

"బోర్డుల ఒకాయన నా ఊరు అడిగిండు. నల్లగొండ అని చెప్పిన. మీ దిక్కు నీళ్లకు నడుములు వంగుతయంట గద అన్నడు. గా మాట నిజమే, మా ఊర్ల సగం మంది వంగిపోయిన్రు. కని సార్, పద్దెనిమిదేండ్లు నేను ఆ నీళ్లు తాగలే, మీ నీళ్లే తాగిన అన్న. నవ్విండు. నవ్వి, రాసేది రాసిండు."

నేను ఉత్సాహంగా అర్జీ కొట్టాను. మాతృభూమి సేవలో ప్రాణాలను తృణప్రాయంగా ఎంచి అని మొదలుపెట్టి, శత్రువుల నడుమ, గడ్డకట్టే చలిలో అని ఒక పేజీ నింపాను. చదివి వినిపించాను. ఆయన బెల్టు విప్పాడు. నొప్పికేమో అనుకున్నాను.

"నేను ప్రాణం పెట్టలే బిడ్డా. పెట్టినోళ్లు వేరే ఉన్నరు, వాళ్లను నేనే మోసిన. నేను నడుం పెట్టిన. గదే రాయి. శత్రువులు గిట్ల ఎవ్వలు లేరాడ. మంచున్నది, కిరోసిన్ డబ్బా ఉన్నది, నేనున్న."

చివరికి ఆ అర్జీలో మిగిలింది పది వాక్యాలు. నాకు చిన్నతనంగా అనిపించింది. ఇంత పేలవంగా రాస్తే ఎవరు జాలిపడతారని మనసులో విసుక్కున్నాను. అది ఇంగ్లీషులోకి మారాక కూడా ఆయన ఊరుకోలేదు. ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పమన్నాడు. చివరిదాకా విని అప్పుడు సంతకం పెట్టాడు. "ఒకపారి సదవకుండ పెట్టిన. సాలు" అన్నాడు.

ఆ అర్జీకి ఏడాది తర్వాత జవాబు వచ్చింది, లేదని. పై అధికారికి మళ్లీ రాశాం. మళ్లీ లేదన్నారు. ఈలోగా ఆయన్ను చూసి, ఆయనలాంటివాళ్లు ఇంకా నలుగురైదుగురు రావడం మొదలుపెట్టారు. నల్లగొండ వాళ్లు, మహబూబ్‌నగర్ వాళ్లు. లారీలు నడిపి నడిపి, బరువులు ఎత్తి ఎత్తి నడుములు పోగొట్టుకున్న మాజీ సైనికులు. దుకాణం ముందు ఎవరూ కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడేవారు. వాళ్ల డిశ్చార్జి బుక్కులు, దవాఖాన చీటీలు కాకాయే తేదీల ప్రకారం సర్ది నా ముందు పెట్టేవాడు. ఎవరైనా కథ పెంచి చెబితే "నువ్వు జూసినవా, ఎవలన్న చెప్పిన్రా?" అని అడిగేవాడు. వాళ్లు తడబడితే నా వైపు తిరిగి "గది కొట్టకు" అనేవాడు.

ఒకసారి కాగితాల కోసం ఆయన ఇంటికి వెళ్లాను. భోజనం వేళ. ఆయన గోడ గూట్లో కంచం పెట్టుకుని నిలబడి తింటున్నాడు. భార్య యాదమ్మ బయటి నుంచి నీళ్ల క్యాను భుజాన మోసుకొచ్చి దించింది. బక్కపలచటి మనిషి. నన్ను పీట మీద కూర్చోబెట్టి, ఆయన వినేటట్టే అంది.

"పెండ్లప్పుడు మిలిట్రోడు, మస్తు బలముంటదన్నరు. గిప్పుడు నీళ్లు నేనే మొయ్యాలె, వడ్ల మూట నేనే మొయ్యాలె, పొద్దుగాల లేపి ఆయనను గూడ నేనే నిలబెట్టాలె. నాకేమన్న పింఛను ఇస్తరేమో గది గూడ రాయి బిడ్డా."

కాకా ముద్ద మింగాడు. తిన్న కంచం కడగడానికి తను వంగలేడు కాబట్టి దాన్ని ఆమె చేతికిచ్చాడు. అలా ఇస్తున్నప్పుడు ఆమె ముఖం చూడకుండా గోడ వైపు చూడటం నేను గమనించాను.

అర్జీలతో కాక కోర్టుకెక్కి, కేసు హైదరాబాదుకు చేరాక, వకీలు ఒకటే మాట అన్నాడు. పడినప్పుడు చూసినవాడు ఒక్కడుంటే గెలుస్తాం, లేకపోతే కష్టం. ఆ పోస్టులో అప్పుడు ఉన్న నలుగురిలో ఇద్దరు చనిపోయారు, మిగిలినవాళ్ల జాడ తెలియలేదు. అదే యూనిట్లో పనిచేసిన కృష్ణయ్య కొత్తకోటలో ఉన్నాడని కాకాకు గుర్తొచ్చింది. సాక్ష్యం రాసి తేవడానికి నన్ను వెంట రమ్మన్నాడు. బస్సులు మారుతూ పోయాం. సీటు ఖాళీగా ఉన్నా దారి పొడుగునా ఆయన కడ్డీ పట్టుకుని నిలబడే ఉన్నాడు. గుంతలు వచ్చినప్పుడల్లా మడమలు పైకి లేపేవాడు, కుదుపు నడుముదాకా రాకుండా.

కృష్ణయ్య హైవే పక్కన ఒక ధాబాకు కాపలా మనిషి. కాకాను చూడగానే ఉరికొచ్చి, కౌగిలించుకోబోయి, గుర్తొచ్చి ఆగి, రెండు చేతులూ పట్టుకున్నాడు. సంగతి వినగానే నన్ను కాగితం తీయమన్నాడు.

"రాసుకో చెల్లె. నా కండ్లార జూసిన. నా ముంగటనే జారిండు. డబ్బా మీద పడ్డది. నేనే ఉరికి పోయి లేపిన."

నేను గబగబా రాశాను. అంతకంటే ఏం కావాలి? రాసింది చదవబోతుంటే కాకా చెయ్యి అడ్డం పెట్టాడు.

"కిష్టయ్యా, నువ్వాడ లేవు గద. నువ్వు కింద క్యాంపుల ఉంటివి."

"ఉంటే ఏందన్నా? నువ్వు పడ్డది అబద్ధమా?"

"పడ్డది నిజమే. నువ్వు జూసుడు అబద్ధం."

"ఎవడడుగుతడు గివన్ని?"

"అడిగితే? గప్పుడు నీకు పైన డ్యూటీ లేదని కాగితం తీస్తే? నా నడుం కోసం నీ పింఛనుకు ఎసరు తెచ్చుకుంటవా? నువ్వు ఏం జూసినవో గంతే చెప్పు."

కృష్ణయ్య చాలాసేపు రోడ్డు మీద పోయే లారీల వైపు చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "ఎన్మిదో రోజు నిన్ను కిందికి మోసుకొచ్చిన్రు. బూట్లు ఇప్పుకోనికి వంగలేకపోతివి. నేనే ఇప్పిన. కాళ్లు ఉబ్బి రాకపోతే లేసులు కోసిన." ఆ కాగితం చింపేసి నేను కొత్తది రాశాను. కోపంతో నా అక్షరాలు వంకర పోయాయి.

తిరుగు బస్సులో పట్టలేక అడిగేశాను. "ఒక్క మాట ఉంచితే ఏం పోయేది కాకా? పడ్డవు గద!" ఒక స్టాండులో బస్సు ఆగినప్పుడు ఆయన అన్నాడు: "వాళ్లు ఉన్నది ఉన్నట్టు రాయలేదనే గద మన కొట్లాట. మనం గూడ గట్లనే రాస్తే ఇగ కొట్లాట దేనికి బిడ్డా?" నాకు అది జవాబుగా తోచలేదు. యాదమ్మ భుజాన నీళ్ల క్యాను కళ్ల ముందు ఆడింది.

వాయిదాలకు ఆయన చాలాసార్లు వెళ్లాడు. ఒకసారి నేనూ వెళ్లాను. కూర్చోలేక, అప్పటికి ఎక్కువసేపు నిలబడనూ లేక, కచేరీ వసారాలో తువ్వాలు పరుచుకుని నేల మీద పడుకున్నాడు. నల్లకోట్లు ఆయన కాళ్లు దాటుకుంటూ వెళ్లాయి. ఒక్కొక్కరు దాటినప్పుడల్లా ఆయన కాళ్లు ముడుచుకోవాలని చూసేవాడు, ముడుచుకోలేకపోయేవాడు. మధ్యాహ్నం దాటాక, వచ్చే నెలకు రమ్మన్నారు.

తీర్పు వచ్చేసరికి ఆయన ఎడమ కాలు మొద్దుబారి మంచానికి చేరాడు. నేను కాగితాలు తీసుకుని ఊరికి వెళ్లాను. కొట్టేశారని గడపలోనే చెప్పాను. "మొత్తం సదువు" అన్నాడు. యాదమ్మ గుమ్మంలో నిలబడింది. ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాను. పడినట్టు ఆనాటి రికార్డు లేదు. వయసుతో వచ్చే అరుగుదల కావచ్చు. ఆ తర్వాతి వాక్యం పైకి చదవలేదు. పేజీ తిప్పేశాను.

"ఒక్కటి ఇడిసినవు. మళ్ల ఎనుకకు తిప్పు."

తిప్పాను. సంఘటనను తాను చూడలేదని సాక్షే ఒప్పుకున్నాడు కనుక ఆ సాక్ష్యానికి విలువ లేదు అని ఉంది. చదివాను.

యాదమ్మకు అప్పటిదాకా కొత్తకోట సంగతి తెలియదు. అడిగింది. చెప్పాను. ఆమె అరవలేదు. "నిజం, నిజం అంటివి. గిప్పుడు గా నిజాన్నే కప్పుకొని పండుకో" అని లోపలికి వెళ్లిపోయింది. గిన్నెల చప్పుడు కూడా వినపడలేదు. కాకా పైకప్పు రేకుల వైపు చూస్తూ పడుకున్నాడు. కాసేపటికి, ఆమెకు వినపడకుండా అన్నాడు.

"కిష్టయ్యను జూసిన అననిస్తే అయిపోతుండెనేమో బిడ్డా."

అన్నేళ్లలో ఆయన ముఖంలో భయం చూడటం అదే మొదలు. మంచం పట్టీ మీది ఆయన చేతి మీద నా చెయ్యి వేశాను. వకీలు ఇంకా పైకి పోవచ్చన్నాడు. పోవడానికి నడుము కావాలి. ఆయన ఫైలు అక్కడే ఆగిపోయింది. కానీ మంచంలో ఉండి కూడా మిగతావాళ్ల కాగితాలు తెప్పించుకుని, తేదీలు సరిచూసి నా దగ్గరికి పంపేవాడు. వాళ్లలో ఒకరిద్దరికి పింఛను వచ్చింది. వాళ్లకు రికార్డు ఉంది.

రెండు వానకాలాల తర్వాత పోయాడు. వీపు మీద పుండ్లు పడి, జ్వరం పట్టి, తగ్గక. దహనమయ్యాక కుటుంబ పింఛను కాగితాల కోసం యాదమ్మ దుకాణానికి వచ్చింది. ఫారంలో మరణ కారణం అని ఒక గడి ఉంది. దవాఖాన సర్టిఫికెట్‌లో ఉన్నదే దింపాను. గుండె ఆగుట. అలవాటు ప్రకారం అంతా తెలుగులో చదివి వినిపించాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"గందుల నడుం లేదా?"

"లేదు చిన్నమ్మా."

"గిప్పుడు గూడ రాయలేదా" అంది. అని, వేలిముద్ర వేసింది.

ఇప్పుడు ఆ దుకాణం నేనే నడుపుతున్నాను. నా దగ్గర టైపు చేయించుకునేవాళ్లు విసుక్కుంటారు, ప్రతి వాక్యం వాళ్ల భాషలో చదివి వినిపించనిదే సంతకం పెట్టనివ్వనని. మీరు చూశారా, విన్నారా అని అడుగుతానని. నెల కిందట ఒకామె వచ్చింది. మరిది బిల్డింగు పని మీద నుంచి పడ్డాడట. అసలు అతను పనికే రాలేదని మేస్త్రీ అంటున్నాడట. పక్కింటి మనిషి చూసినట్టు రాసిపెట్టమంది. చూశాడా అని అడిగాను. అక్కడ లేడు గానీ చూశానంటాడు అంది. నా చేతులు కదలలేదు. ఆమె నన్ను తేరిపార చూసి, సందు చివర ఇంకో దుకాణానికి వెళ్లింది. అక్కడ రాసిపెట్టారని తర్వాత తెలిసింది. నేను చేసింది మంచో చెడో, ఆ మరిది ముఖం చూస్తే గానీ చెప్పలేను. చూడటానికి నాకు ధైర్యం చాలలేదు. అంజయ్య కాకా ఉంటే అడిగేదాన్ని. ఆయనకూ తెలిసి ఉండదు.