ఉట్నూర్ దగ్గర వాగు వెంట, అవ్వతో

వాగు వెంట నడిచింది ముగ్గురం: నేను, మా అవ్వ (అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం), ఉట్నూర్‌లో ఉండే అవ్వ చెల్లెలు, మా చిన్నమ్మ. వెంట ఉన్నవి ఫ్లాస్కులో చాయ్, రెండు శాలువాలు, ఒక చేతికర్ర, అవ్వ కొత్త చెవి మిషిన్.

ఈ ప్రయాణం ఆ మిషిన్ కోసమే. కరీంనగర్‌లో మా ఇల్లు మెయిన్ రోడ్డు మీద. హారన్లు, మిక్సీ, పక్కింటి టీవీ అన్నీ ఒక్కసారిగా చెవిలో పడుతుంటే అవ్వ అరగంటకే దాన్ని తీసి డబ్బాలో పెట్టేది. "నాకొద్దు బిడ్డా, వాపస్ ఇచ్చెయ్" అని చివరికి తేల్చి చెప్పింది. చప్పుడు లేని చోట అలవాటు చేయించమన్నారు డాక్టరు. అదీ కుదరకపోతే అవ్వ మళ్లీ మా పెదవులు చూస్తూ, సగం మాటలు ఊహించుకుంటూ, ఇంట్లోనే ఒంటరిగా కూర్చుంటుంది.

శనివారం ఉదయం ఎనిమిదింటికి బస్సెక్కాం. అవ్వకు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్. లక్షెట్టిపేటలో బస్సు మారాం. జన్నారం దాటాక రోడ్డుకు రెండు వైపులా టేకు అడవి. "జర స్వెట్టర్ తొడిగించు తమ్మీ, ఉట్నూర్ల చలి వేరే ఉంటది" అన్నాడు పక్క సీటాయన. నిజమే. రాత్రి చిన్నమ్మ ఇంట్లో జొన్న రొట్టె, పప్పు తిని రెండేసి దుప్పట్లు కప్పుకున్నాం.

ఆదివారం ఏడింటికి షేర్ జీపు, మనిషికి ఇరవై రూపాయలు. వంతెన దగ్గర దిగి ఎడమకు తిరిగితే వాగు పక్కనే కాలిబాట. రాళ్లకు నాచు పట్టి ఉంటుంది, బూట్లు వేసుకోండి. నీళ్ల మీద ఇంకా పొగమంచు ఉంది. ఏడున్నరకు అవ్వ చెవికి మిషిన్ పెట్టాను.

నాలుగడుగులు వేసిందో లేదో ఆగిపోయింది. "గీ మిషిన్ ఖరాబైందిరా. ఒక్కతీరుగ గరగర అంటున్నది."

సౌండ్ తగ్గించాను, బ్యాటరీ మార్చాను. గరగర పోలేదు. అవ్వ విసుగ్గా చెట్ల లోపలికి నడిచింది. కొంత దూరం పోయి నిలబడింది. వెనక్కి వాగు వైపు వచ్చింది. మళ్లీ లోపలికి పోయింది. చిన్నమ్మ ఏదో అనబోతే నేను చెయ్యి పట్టి ఆపాను. ఈసారి అవ్వ నీళ్ల అంచు దాకా వచ్చి, చేతికర్ర రాళ్ల మధ్య ఆనించి, వంగి విన్నది.

"మిషిన్ గాదురా" అంది. "వాగు."

ఆ తర్వాత ఎండుటేకాకు రాలినా ఆగి అటు చూసేది. "ముసల్ది ఇయ్యాల ఇంటికి రాదు గావచ్చు" అని చిన్నమ్మ నా వెనక గొణిగింది.

ముందు నడుస్తున్న అవ్వ వెనుదిరక్కుండానే, "ఎవరే ముసల్ది?"

"అయ్యో అక్కా! నీకు ఇనరానప్పుడే మంచిగుండె" అని చిన్నమ్మ పగలబడి నవ్వింది.

పదకొండింటికి తిరుగు బస్సు. లక్షెట్టిపేట బస్టాండులో హారన్‌కు అవ్వ ఉలిక్కిపడి చెవి దగ్గరికి చెయ్యి పోనిచ్చింది. నేను డబ్బా తీశాను. ఆమె సౌండ్ ఒక పాయింటు తగ్గించుకుని కిటికీ వైపు తిరిగింది. ఆ చలికి, ఆ నీళ్లకు, అక్కడ మరే చప్పుడూ లేనందుకు నేను రుణపడి ఉన్నాను. మీరు వెళ్తే పొద్దున్నే వెళ్లండి, ఫోన్‌లో పాటలు పెట్టకండి.

నాలుగున్నరకు ఇల్లు చేరాం. అప్పటికి మిషిన్ అవ్వ చెవిలో తొమ్మిది గంటలు ఉంది.