ఉత్తరం గోడ మీద రాయించిన మెట్లు

మా ఇంటి వెనక వసారా ఖాళీ కాగానే దాన్ని అడిగినవాణ్ణి నేనే. పోలీసు చర్య ముగిసి మూడు నెలలవుతోంది. నైజాం సరిహద్దు దాటి వచ్చి జగ్గయ్యపేటలో తలదాచుకున్నవాళ్ళు ఒక్కొక్కరే తమ ఊళ్ళకు తిరిగిపోతున్నారు. మా వసారాలో ఉన్న కుటుంబం కూడా ఒకరోజు పొద్దున్నే బండి కట్టుకుంది. వెళ్ళబోయే ముందు ఆ ఇల్లాలు వసారా అంతా అలికి, ముగ్గు కూడా పెట్టింది. ఆ ముగ్గు చెరగకముందే నేను అన్నయ్య దగ్గరికి వెళ్ళి, వసారా ఇస్తే అందులో ఫొటోలు తీస్తానన్నాను.

అన్నయ్యది మిరపకాయల కొట్టు. నేను అందులో కాటా దగ్గర కూర్చునేవాణ్ణి. బడి చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. లెక్కలన్నీ కొట్లో బస్తాల మధ్య నేర్చుకున్నవే.

"ఫొటోలా? ఈ ఊళ్ళోనా?" అన్నాడు అన్నయ్య.

"ఒక్క ఫొటో కోసం బెజవాడ పోతున్నారు అన్నయ్యా."

"పోనీరా. బెజవాడ పోతే దుర్గమ్మనైనా చూసొస్తారు. నీ దగ్గరికొస్తే ఎవర్ని చూస్తారు, నన్నా?"

మళ్ళీ తనే అన్నాడు. "కొత్త కాయ దిగేదాకా వాడుకో. ఈలోపు నలుగురొచ్చి నీ ముందు కూర్చుంటే ఆ వసారా నీది. కూర్చోకపోతే అందులో బస్తాలు, నువ్వు కాటా దగ్గర. మళ్ళీ ఫొటోల మాట ఎత్తకూడదు."

ఒప్పుకున్నాను. నాకు ఈ పిచ్చి ఎందుకు పట్టిందో మాత్రం ఆయనకు చెప్పలేదు. మా వదిన పోయిన కొన్నేళ్ళకు ఒకరోజు భోజనం చేస్తూ చేస్తూ అన్నయ్య చెయ్యి ఆపి, "మీ వదిన ముక్కుపుడక ఏ వైపురా?" అని అడిగాడు. నేను ఎడమ అన్నాను. నా భార్య కుడి అంది. చూసి చెప్పడానికి ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటీ లేదు.

కెమెరా బెజవాడలో ఒక స్టూడియో ఆయన దగ్గర పాతది కొన్నాను. టేకు పెట్టె, ముడుచుకునే నల్లటి తోలు తిత్తి, మూడు కాళ్ళ స్టాండు. మీట నొక్కితే టక్కుమనే రకం కాదు. కటకం మీది ఇత్తడి మూతను చేత్తో తీసి, మనసులో లెక్కపెట్టి, మళ్ళీ పెట్టెయ్యాలి. తిత్తి మడతల్లో సన్నటి చిల్లులుంటే నల్లగుడ్డ ముక్కలు అంటించాను. ఫిల్ము బదులు మందు పూసిన గాజు పలకలు వాడేవాళ్ళం. వాటిని కడగడానికి చీకటిగది కావాలి గనక సామాన్ల గది కిటికీకి గోనెపట్టాలు కొట్టి, లాంతరు చుట్టూ ఎర్ర కాగితం చుట్టాను. మా బావి నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళతో కడిగిన పలక ఆరితే తెల్లటి చారలు తేలేవి. అందుకని చివరి కడుగుడుకు తాగే నీళ్ళు తీసేవాణ్ణి.

"పాలేటి వాగు నుంచి బిందె మోసుకొచ్చేది మీ పలకలకి స్నానం పొయ్యడానికా?" అనేది నా భార్య.

"చెంబెడు చాలు."

"నిన్నా చెంబెడే అన్నారు. ఆ చెంబుకి అడుగు లేదల్లే ఉంది."

అలా అంటూనే మర్నాడు ఇంకో బిందె తెచ్చి ఆ గది గుమ్మం పక్కన పెట్టేది.

కటకంలోంచి వెలుగు వచ్చే కన్నాన్ని పెద్దదీ చిన్నదీ చెయ్యవచ్చు. కన్నం వెడల్పు సగం చేస్తే మూత రెండింతలసేపు తీసి ఉంచితే సరిపోతుందనుకుని మొదట రెండు పలకలు పాడుచేశాను. తరవాత కొట్లో డబ్బాలు చూస్తుంటే తట్టింది. ఒకే ఎత్తున్న రెండు గుండ్రటి డబ్బాల్లో ఒకదాని వెడల్పు రెండోదానిలో సగమైతే, చిన్నదానితో నాలుగుసార్లు పోస్తేగాని పెద్దది నిండదు. వెలుగూ అంతే. అది తెలిశాక మరి పలక పాడవలేదు. లెక్కపెట్టడం మాత్రం కొట్టు అలవాటే. గింజలు కొలిచేటప్పుడు మేము ఒకటి అనం, లాభం అంటాం. మూత తీశాక కూడా నా నోట "లాభం, రెండు, మూడు" అనే వచ్చేది.

ఫొటోలో మనిషి వెనక ఒక తెర ఉండాలి. అప్పుడు గుడ్డకు కంట్రోలు. కట్టుకోవడానికే దొరకని రోజుల్లో గోడంత తెరకు గుడ్డ ఎవరిస్తారు? నాటకాల తెరలు రాసే ఆయన ఒకరు ఊళ్ళో ఉంటే, గుడ్డ లేదు గోడ ఉందన్నాను. వసారా ఇంటికి తూర్పున, దొడ్డివైపు తెరుచుకుని, ఉత్తర దక్షిణాలుగా పొడుగ్గా ఉంటుంది. ఉత్తరపు కొసన తెల్లసున్నం కొట్టిన గోడ. దాని ముందు కుర్చీ వేస్తే మధ్యాహ్నం తరవాత దొడ్డివైపు నుంచి చల్లటి వెలుగు ఒక చెంప మీద పడుతుంది, రెండో చెంప నీడలో ఉంటుంది. మొహానికి రూపు వచ్చేది ఆ నీడ వల్లే. ఆయన ఆ గోడ మీద రెండు స్తంభాలూ, పైకి పోయే పాలరాతి మెట్లూ, కింద ఒక హంసా రాశాడు. గుడ్డ ఖర్చు తప్పిందని నేను మురిసిపోయాను.

పలకలు వృథా కాకుండా, కుర్చీలో మనిషికి బదులు ఇత్తడి బిందె పెట్టి, దానికి తలపాగా చుట్టి వెలుగు చూసుకునేవాణ్ణి. బిందె ఎటు తిప్పి కూర్చోబెట్టినా ఏమీ అనలేదు. కెమెరా వెనక నిలబడిన నేనేమో ఎప్పుడూ ఉత్తరంగానే చూస్తున్నాను. అందుకే అసలు సంగతి నాకు కనపడలేదు.

మొదట వచ్చినవాళ్ళు నందిగామ నుంచి దంపతులు. టోకు వ్యాపారస్తులు, అన్నయ్య దగ్గర కాయ కొనేవాళ్ళు. పెద్దాయనకు షష్టిపూర్తి అయింది. వేదాద్రిలో స్వామి దర్శనం చేసుకుని, తిరుగుదారిలో పట్టుబట్టలతోనే మా ఇంటికి వచ్చారు. ఆయన్ని కుడివైపు, ఆమెను ఎడమవైపు కూర్చోబెట్టి నేను నల్లగుడ్డ కిందికి దూరాను. కెమెరా వెనకనున్న గాజు మీద ఇద్దరూ తలకిందులుగా, చాలా చక్కగా కనిపిస్తున్నారు.

అంతలో ఆమె గొంతు వినిపించింది. "నాయనా, పొద్దు ఎటు గుంకుతుంది?"

నేను గుడ్డ కిందినుంచే చెయ్యి చాపి ఇంటివైపు చూపించాను.

"అది పడమరైతే మేం చూస్తున్నది ఏ దిక్కు?"

గుడ్డ కిందినుంచి తల బయటికి తీశాను.

"దక్షిణం" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. మెడ తిప్పి గోడ చూశాడు. "మొహం దక్షిణానికి, వీపు వెనకాల మెట్లు. ఇంక ఎక్కడమే తరువాయి."

ఆమె నవ్వలేదు. లేచి చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "నీ తప్పని కాదు నాయనా. కానీ అరవై నిండి, అక్షింతలు వేయించుకుని, ఆ పూటే ఈయన్ని యముడికి ఎదురుగా కూర్చోబెట్టలేను." పెద్దాయన నా భుజం తట్టి, ఆమె వెనకే బండెక్కాడు.

ఆ సంగతి సాయంత్రానికల్లా బజారంతా పాకింది. కొట్టుకు వచ్చినవాళ్ళు "మెట్లు ఎంతదాకా కట్టారండీ?" అని అడిగేవాళ్ళు. మాఘం గడుస్తున్నా కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. గోడ తిరిగేది కాదు. కొత్త గోడ కట్టించే స్తోమత లేదు. కాయ ఎర్రబడుతోందని రైతులు చెబుతున్నారు.

ఒకరోజు నా భార్య వంటింటి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతూ అంది. "గోడ తిరగదు, సరే. కుర్చీ తిరుగుతుందిగా?"

"తిప్పితే తూర్పుకి తిప్పాలి. అప్పుడు వెనక మన వంటిల్లు కనపడుద్ది."

"తలుపు మూస్తే అదీ గోడేగా?"

"తలుపు మూస్తే లోపల నువ్వుంటావు."

"ఉంటా. మీ లాభం రెండు మూడు అయ్యేదాకా ఉండలేకపోను."

నేను ఇంకో అడ్డు చెప్పాను. తూర్పుకు తిరిగితే వెలుగు మొహాన తిన్నగా కొడుతుంది, రెండు చెంపలూ ఒక్కలాగే తెల్లబోయి మొహం అప్పడంలా వస్తుంది. ఆమె ఏరుతున్న చేట పక్కన పెట్టి, వచ్చి కుర్చీలో తూర్పుముఖంగా కూర్చుంది. "మీ బిందెతో ఎన్నాళ్ళు మాట్లాడుకుంటారు, చూడండి." అదే మొదటిసారి ఆమె నా కెమెరా ముందు కూర్చోవడం. నేను చూస్తే మొహం నిజంగానే చదునుగా ఉంది. దండెం మీద అన్నయ్య నల్ల గొంగడి ఆరుతోంది. దాన్ని తెచ్చి ఆమె కుడివైపు, పలకలో రానంత దూరంలో కర్రకు వేలాడదీశాను. ఆ చెంప మీద మెల్లగా నీడ దిగింది. ముక్కూ గడ్డమూ తేలాయి. ఎప్పుడూ ఎదురుగా ఉండే మొహాన్నే అప్పుడు కొత్తగా చూశాను. కాసేపు మూత సంగతి మరిచిపోయాను.

"ఏమైంది?" అంది.

"ఏం లేదు. కదలకు."

లాభం అనగానే ఆమె ఫక్కున నవ్వింది. ఆ పలకలో ఆమె నోటి దగ్గర అలుక్కుపోయింది. ఇప్పటికీ నా దగ్గర ఉన్న ఆమె ఫొటోల్లో నాకు ఎక్కువ ఇష్టమైనది అదే.

మర్నాడే బొగ్గుతో నడిచే బస్సులో నందిగామ వెళ్ళాను. ఒళ్ళంతా మసి చేసుకుని ఆ పెద్దావిడ ముందు నిలబడి, కుర్చీ తూర్పుకు తిప్పానని చెప్పాను.

"ఆ మెట్లో?" అన్నాడు పెద్దాయన లోపల్నుంచి.

"పక్కకి పోయాయండి. అవి కనపడవు."

"అయ్యో, ఎక్కుదామనుకున్నానే."

"మీరు ఊరుకోండి" అని ఆమె నావైపు తిరిగింది. "నాకూ మనసులో పీకుతానే ఉంది నాయనా. ఆ పట్టుచీర ఇంకా పెట్టెలో పెట్టలేదు. శుక్రవారం వస్తాం."

శుక్రవారం వచ్చారు. తూర్పుముఖంగా కూర్చున్నారు. గొంగడి కట్టాను. వంటింటి తలుపు మూసి, దాని మీద తెల్ల దుప్పటి పరిచి కొట్టాను. లోపల నా భార్య గిన్నె చప్పుడు కూడా చెయ్యడం లేదు. సరిగ్గా అప్పుడే దొడ్డిదారిన బండి ఆగింది. కొత్త కాయ. హమాలీలు బస్తాలు మోసుకొచ్చి ఉత్తరం గోడకు, హంస మీదుగా పేర్చడం మొదలుపెట్టారు. వెనకే అన్నయ్య వచ్చాడు. దంపతుల్ని చూసి చేతులు జోడించి, నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"ఇద్దరేగా" అన్నాడు మెల్లగా. "నలుగురనుకున్నాం."

అనుకున్న మాట అదే. ఆయన లెక్క తప్పలేదు.

మూత మీద చెయ్యి వేశాను. పెద్దావిడ ఊపిరి బిగబట్టింది. మరుక్షణం దగ్గు. మళ్ళీ బిగబట్టింది, మళ్ళీ దగ్గు. కాయ ఘాటుకు పెద్దాయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. మూసిన తలుపు వెనక నా భార్య కూడా తుమ్మింది.

పెద్దావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని అన్నయ్యవైపు చూసింది. "ఏవయ్యా, మీ తమ్ముడు ఊపిరి బిగబట్టమంటాడు, నువ్వేమో కాయ దింపుతావు. మీ ఇద్దరిలో ఎవరి మాట వినమంటావు?"

"ఇవాళ్టి నుంచి ఈ వసారా కొట్టుకేనండి. వాడికి ముందే చెప్పా."

"చెప్పావేమో. ముందు ఆ బస్తాలు తీయించు. పొద్దు పోతే మళ్ళీ నందిగామ నుంచి నేను రాలేను."

అన్నయ్య పైపంచ నడుముకు బిగించి, హమాలీలతో పాటు తనూ ఒక బస్తా ఎత్తాడు. వసారాలోవన్నీ ఇంట్లోకి మోయించాడు. నేల మీద నీళ్ళు చల్లించి, ఘాటు అణిగేదాకా దొడ్లో నిలబడ్డాడు. ఈలోపు వెలుగు తగ్గింది. నేను లెక్క పెంచుకున్నాను. మూత తీశాను. నేను ఎనిమిది అనేదాకా పెద్దావిడ రెప్ప వెయ్యలేదు. పెద్దాయన మీసం మాత్రం కాస్త చెదిరింది. వారం తరవాత ఫొటో చేతికిస్తే ఆమె ముందు ఆ మీసాన్నే చూసి, "ఈయన ఎప్పుడూ ఇంతే, కుదురుండదు" అని, కళ్ళకద్దుకుని చీరమడతలో పెట్టుకుంది.

ఆ బస్తాలు మళ్ళీ వసారాకు రాలేదు. వీధివైపు ముందుగదిలో, అన్నయ్య మంచం చుట్టూ పేర్చుకున్నాడు. ఆ వేసవి అంతా వాటి మధ్యే పడుకున్నాడు. పొద్దున లేచేసరికి కళ్ళు ఎర్రగా ఉండేవి. వసారాలో పెట్టుకోమని నేను రెండుసార్లు అడిగాను.

"అక్కడ కాయ మెత్తబడుద్దిరా" అనేవాడు. "ఈ గదిలో గాలి బాగా ఆడుతుంది." తుమ్మి, మొహం కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్ళేవాడు.