పని చేయని బోల్టు

రెండువేల పంతొమ్మిదిలో ఒక మంగళవారం ఉదయం భూమి తిరగడం ఆగిపోయింది. దాని ఇరుసు దగ్గర వదులైన బోల్టును బిగించి, చేత్తో ఒక్క తోపు తోసి, పదకొండు నిమిషాల్లో మళ్లీ తిరిగేలా చేసినవాడు పద్మారావు నగర్‌లో ఉండే జంగయ్య.

ఇందులో కొంత వెనక్కి తీసుకోక తప్పదు. ఆగింది మొత్తం భూమి కాకపోవచ్చు. వాళ్ల వీధి చివరి పార్కులో పిల్లలు కూర్చుని గిరగిరా తిరిగే ఇనుప చక్రం ఒకటుంది. దాని మీద ఎవరో నీలం, ఆకుపచ్చ రంగులతో భూగోళం బొమ్మ వేశారు. ఆగింది అది. కానీ బోల్టు నిజం, బిగించడం నిజం, తోపు నిజం. పదకొండు నిమిషాలు కూడా ఇంచుమించు నిజమే.

జంగయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ముప్పై ఆరేళ్లు ఫిట్టరుగా పనిచేశాడు. బతుకులో సగం రైలు పెట్టెల కింద వెల్లకిలా పడుకునే గడిచింది కాబట్టి ఇప్పటికీ మనుషుల్ని మొహం చూసి కాక చెప్పులు చూసి గుర్తుపడతాడు. రిటైరై ఎనిమిదేళ్లయినా జేబులో చిన్న పానా లేకుండా గడప దాటడు. పెళ్లికి వెళ్తే అక్షింతలు వేసి తిన్నగా కుర్చీల సంగతి చూస్తాడు. పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరిచి పడుకుని, చెయ్యి కిందికి పోనిచ్చి కుర్చీకి ఏదో బిగించాడట. ఆనాటి నుంచి ఆ కుర్చీ కిర్రుమనడం మానేసింది. ఆ కిర్రు వినపడక డాక్టరుకు చేతులు ఆడటం లేదని అంటారు.

ఊళ్లో పాడైన నట్టు, బోల్టు ఏది కనబడినా పీకేసి మంచిది పెట్టడం ఆయన పద్ధతి. పీకిన సరుకంతా ఇంట్లో ఒక పెద్ద బిస్కెట్ డబ్బాలో చేరుతుంది. వర్క్‌షాప్‌లో పనికిరాదని తేలిన సామానుకు ఎర్రరంగు చుక్క పెట్టేవాళ్లు. ఆ కట్టుబాటు ఇంట్లోనూ నడుస్తోంది. రంగు కోడలి గోళ్లరంగు. చుక్క పెట్టే ఉద్యోగం మనవరాలు కల్పలతది. దానికి ఆరేళ్లు, ఒకటో తరగతి. జంగయ్య భార్య కమలాబాయి మాత్రం ఆ డబ్బాను "నీ రెండో సంసారం" అంటుంది.

తాత చేతికి అందని వస్తువు ప్రపంచంలో లేదని కల్పలత నమ్మకం. ఆ నమ్మకానికి ఒక ఆదివారం ఉదయం పరీక్ష వచ్చింది.

కొడుకు దయాకర్ కొంతకాలంగా కూతుర్ని వెంటబెట్టుకుని ఒక ఆట ఆడుతున్నాడు. పేరు జియోక్యాషింగ్. ఎవరో ఒక చిన్న డబ్బీ ఎక్కడో దాచి, ఆ చోటు గుర్తు ఫోన్‌లో పెడతారు. మిగతావాళ్లు ఫోన్ చూపే బాణం వెంట పోయి వెతుకుతారు. దొరికితే అందులోని కాగితం మీద పేరు రాసి, డబ్బీని మళ్లీ ఉన్నచోటే పెట్టి వచ్చేయాలి. తండ్రీకూతుళ్లు మౌలాలి గుట్ట దగ్గర ఒకటి, లాలాగూడలో ఒకటి వెతికారు. రెండూ దొరకలేదు. ఈలోగా కల్పలత క్లాసులో గొప్పలు చెప్పేసింది. అట్లాంటి ఆటే లేదని, ఇది అబద్ధాలాడుతోందని పిల్లలంతా తేల్చారు. సోమవారం లోపల ఒక్కటైనా దొరకాలి. పేరు రాసి, ఆ కాగితం ఫొటో తీసుకుపోయి చూపించాలి. దయాకర్‌కు ఆదివారం డ్యూటీ పడింది. పాత ఫోన్ ఒకటి తండ్రి చేతిలో పెట్టి, వీధి చివరి పార్కులోనే ఒకటుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఆట సంగతి విన్న జంగయ్యకు ఒక్కటే అర్థం కాలేదు.

"దొరికినంక తిరిగి ఆడనే పెట్టుడేంది? మరి దొరికి ఫాయిదా ఏంది?"

"పేరు రాస్తం కద తాతా," అంది కల్పలత, ఇంతకంటే ఫాయిదా ఇంకేం కావాలన్నట్టు.

వంటింట్లోంచి కమలాబాయికి 'క్యాష్' అన్న ముక్క ఒక్కటే వినబడింది. పరుగున వచ్చి, ఎందుకైనా మంచిదని ఒక పెద్ద చేతిసంచి తెచ్చింది. అది అట్లాంటి క్యాష్ కాదని మనవరాలు వివరంగా చెప్పాక, సంచి వెనక్కి తీసుకుని, మరి పొద్దున్నే ఈ పరేషాన్ ఎందుకని లోపలికి పోయింది.

పార్కులో ఫోన్ బాణం ముందు చక్రం వైపు చూపింది. తర్వాత బెంచీల వైపు తిరిగింది. ఆ తర్వాత జంగయ్యనే చూపింది. ఆయన ఎటు జరిగితే అటు తిరిగింది. ఫోన్‌కు పదడుగులు అటూ ఇటూ తెలియదని, ఇక కళ్లతోనే వెతకాలని కల్పలత చెప్పింది. ఇంకో నియమం కూడా ఉంది. వెతుకుతున్న సంగతి ఎవరికీ తెలియకూడదు.

జంగయ్య బెంచీ కిందికి పాకాడు. ఆయనకది సొంత ఇల్లు లాంటి చోటు. అక్కడి నుంచి వాచ్‌మన్ పేతురు చెప్పులు రావడం కనిపించింది. చెప్పులు వచ్చి ఆగాయి. ఏం పోయిందని పైనుంచి పేతురు అడిగాడు. ఏం పోలేదని, ఏమీ వెతకడం లేదని కల్పలత మహా గంభీరంగా చెప్పింది. అది మరీ అనుమానంగా ఉందనిపించి, పిల్ల చెవికమ్మ పడిపోయిందని జంగయ్య కింది నుంచే అనేశాడు.

పేతురు మంచివాడు. వెంటనే ఈల ఊదాడు. నడకకు వచ్చినవాళ్లు, యోగాకు వచ్చినవాళ్లు, ఊరికే కూర్చోవడానికి వచ్చినవాళ్లు అంతా గడ్డి మీద వంగారు. రెండు చెవులకూ రెండు కమ్మలు పెట్టుకున్న కల్పలత కూడా వాళ్లతో కలిసి తన కమ్మ వెతికింది. ఇరవై నిమిషాల్లో మూడు తాళంచెవులు, ఒక కళ్లద్దం, ఒక పైవరస కట్టుడుపళ్ల సెట్టు బయటపడ్డాయి. ఆ పళ్లసెట్టు యజమాని కూడా వెతుకుతున్నవాళ్లలోనే ఉన్నాడు. డబ్బీ మాత్రం దొరకలేదు. చివరికి పేతురు పిల్ల మొహం వైపు తేరిపార చూసి, "జంగన్నా, గీ పోరికి చెవులెన్నున్నయే?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

కల్పలత బెంచీ మీద కూలబడి, ఫోన్‌లో దాచినవాళ్లు ఇచ్చిన ఆనవాలు కూడబలుక్కుని చదివింది. పని చేసేవాడిలా కనబడతాను, పని మాత్రం చేయను. నన్ను తిప్పి చూడు.

"గిది మా సూపర్వైజరు గురించి రాసినట్టున్నది," అన్నాడు జంగయ్య.

అన్నాక, నోరు అట్లాగే తెరుచుకుని ఉండిపోయింది.

రెండు నెలల కిందటి సంగతి. ఇదే బెంచీ, ఇదే కాలు. ఇనుప పట్టీ మీద ఒక బోల్టు. వేలు తగలగానే ఊడి చేతిలోకి వచ్చింది. మర లేదు, నట్టు లేదు, అడుగున అయస్కాంతం. ఒక ఖాళీ రంధ్రం మీద బోల్టు వేషం వేసుకుని కూర్చుంది. అన్నేళ్ల సర్వీసులో అంత సిగ్గులేని బోల్టును ఆయన చూడలేదు. దాన్ని పీకి జేబులో వేసుకుని, ఆ రంధ్రంలో అసలైన బోల్టు పెట్టి, వాషరు వేసి బిగించి పోయాడు.

కల్పలత ఇంతలో ఫోన్‌లో తమకంటే ముందు వచ్చి వెతికినవాళ్లు రాసిన మాటలు చదవడం మొదలుపెట్టింది. ఒకాయన నాలుగుసార్లు వచ్చాడట, దొరకలేదట. ఒకావిడ బోయినపల్లి నుంచి వచ్చిందట, దొరకలేదట. ఆఖరి మాట ఇంకొకాయనది. ఎవడో దొంగ ఎత్తుకుపోయినట్టున్నాడు.

"తాతా, దొంగ ఎవలై ఉంటరు?"

జంగయ్య భూగోళం వైపు చూశాడు. అది ఇప్పుడు ఆగిపోతే బాగుండునని మొదటిసారి అనిపించింది. ఎందుకంటే వారం కిందట ఇదే పిల్ల బడి నుంచి ఎవరిదో రబ్బరు తెస్తే, మిట్టమధ్యాహ్నం ఎండలో నడిపించుకుపోయి వాపసు ఇప్పించింది ఆయనే. కింద పడి ఉన్నా సరే అది ఎవరిదో ఒకరిది అవుతుందని దారి పొడవునా చెప్పిందీ ఆయనే. ఇప్పుడు నిజం చెబితే తాత దొంగ అవుతాడు. చెప్పకపోతే రేపు క్లాసులో మనవరాలు అబద్ధాలకోరు అవుతుంది.

ఇంటికి పోయి పానా తెస్తానన్నాడు. పానా జేబులోనే ఉందని పిల్ల చూపించింది. ఇంకో పానా అన్నాడు. ఇంకోటి రెండో జేబులో ఉందని అదీ చూపించింది. ఇక గత్యంతరం లేక, చెట్టు చాటుకు పోయి ఇంటికి ఫోన్ చేశాడు.

"కమలా, జెర డబ్బాల అయస్కాంతం బోల్టు ఉంటది. చప్పుడు చెయ్యకుండ తీస్కరా."

అందులో వేయి బోల్టులుంటే తాను ఏదని వెతకాలని కమలాబాయి అడిగింది. ఆ తర్వాత చప్పుడు చెయ్యకుండా మొత్తం డబ్బానే మోసుకొచ్చింది. పొద్దున వెనక్కి తీసుకున్న చేతిసంచి అందుకు పనికొచ్చింది. ఆమె గేటు దాటకముందే ఆ గలగలకు పార్కులో కుక్కలు లేచి నిలబడ్డాయి.

సంగతి ఒక్క ముక్కలో విన్న కమలాబాయి సంచి కింద పెట్టింది. మొగుడి వైపు ఒకసారి చూసి, మనవరాల్ని భూగోళం మీద కూర్చోబెట్టి తిప్పడం మొదలుపెట్టింది. పిల్ల మొహం అటు తిరిగినంతసేపే జంగయ్యకు సమయం. సంచిలో చెయ్యి పెట్టాడు. అయస్కాంతం బోల్టును పట్టుకోవడం తేలికే. బయటికి లాగడమే కష్టం. డబ్బాలో ఉన్న సంసారమంతా దాన్ని పట్టుకుని వచ్చింది. అరటి గెలలా వేలాడుతున్న పదిహేడు బోల్టుల్ని ఒక్కో తిరుగుడుకు ఒక్కొక్కటి చొప్పున ఊడబీకాడు. పదకొండో చుట్టుకు కమలాబాయికి ఆయాసం వచ్చింది. పదిహేనో చుట్టుకు పిల్లకు కళ్లు తిరిగాయి. పదిహేడో చుట్టుకు దొంగ బోల్టు ఒంటరిగా ఆయన అరచేతిలో మిగిలింది. బెంచీ కాలికి, అసలు బోల్టు పక్కన, టక్కున అతికించి లేచి నిలబడ్డాడు.

తూలుకుంటూ వచ్చిన కల్పలతకు, ఆ బెంచీ కాలు ఇంకోసారి చూస్తే మంచిదేమోనని సలహా ఇచ్చాడు.

అర నిమిషంలో దొరికింది. తిప్పితే మూత వచ్చింది. లోపల అగ్గిపుల్లంత కాగితం చుట్ట. కల్పలత దాన్ని ఒడిలో పరుచుకుని, నాలుక బయటపెట్టి, ఇంగ్లీషులో తన పేరు పది అక్షరాలూ రాసింది. చివరి అక్షరం వెనక పక్కకు పోయింది. ఫొటో తీసింది. కాగితం చుట్టి లోపల పెట్టి, మూత బిగిస్తూ ఆగిపోయింది.

బోల్టు తల మీద ఎర్ర చుక్క ఉంది.

అది గోళ్లరంగు. ఆ చుక్క ఎవరు పెట్టారో పార్కులో అందరికంటే బాగా తెలిసిన మనిషి చేతిలోనే ఇప్పుడా బోల్టు ఉంది. పిల్ల చుక్కను చూసింది. సంచిని చూసింది. తాతను చూసింది. జంగయ్య తన చెప్పుల్ని చూసుకున్నాడు. కమలాబాయి చాలా అవసరమైన పని ఉన్నట్టు కొంగుతో భూగోళాన్ని తుడవసాగింది.

"తాతా," అంది కల్పలత చివరికి, "గిది నీకు ముందుగాలనే దొరికిందా?"

జంగయ్య తల ఊపాడు.

"మరి పేరెందుకు రాయలే?"

కల్పలత మళ్లీ మూత తిప్పి, కాగితం విప్పి, పెన్సిలు ఆయన చేతిలో పెట్టింది.

"పేరు రాసుడు మర్చిపోయినవ్. తిరిగి పెట్టుడు సుత మర్చిపోయినవ్. గంతే కద. ఇప్పుడు రాయి."

తన పేరు పైన, మిగిలిన వెంట్రుకంత జాగాలో, తేదీ రెండు నెలల కిందటిదే వేయమంది. పేరంతా పట్టలేదు. 'జం' వరకే పట్టింది. బోల్టును కల్పలతే అతికించింది, అరచేత్తో రెండుసార్లు తట్టి మరీ. తిరిగి వెళ్లేటప్పుడు తాత వేలు పట్టుకునే నడిచింది. గేటు దగ్గర మాత్రం సంచి వైపు చూసి, అందులో ఇంకా ఎవరెవరివి ఉన్నాయో ఇంటికి పోయాక చూద్దామంది.

జంగయ్యను ఈ మధ్య ఒక సాయంత్రం పట్టుకుని, ఇదంతా జరిగిందేనా అని అడగడం జరిగింది. ఆయన అడిగిన వాళ్ల కుర్చీ కిందికి దూరి, ఏదో బిగిస్తూ అక్కడి నుంచే జవాబిచ్చాడు.

"అంత అబద్ధం. నేను గా పార్కుకే పోలే. బెంచీ చూడలే, బోల్టు పీకలే. ఇంట్ల డబ్బానే లేదు, కావాల్నంటే కమలను అడుగు. జం అని రాస్తే నేనేనా, పద్మారావు నగర్ల జం ఎంతమంది లేరు? భూమి సంగతంటవా, గది వేరే. గది బిగించిన."