షాగుఫ్తా చేసిన అగ్నిపర్వతాలు

పద్మారావు నగర్‌లో స్టేషనరీ షాపు నడిపే షాగుఫ్తా పదో తరగతి తప్పింది. అయినా ఈ ఐదేళ్లలో ఆమె చేసిన అగ్నిపర్వతాలు నలభైకి తక్కువుండవు. సౌర కుటుంబాలకీ గుండెకాయలకీ లెక్కే లేదు. కారణం మా వీధి చివర వెలసిన కొత్త బడి. అక్కడ పరీక్షల్లేవు, బట్టీ లేదు, పిల్లలు తమ చేతులతో చేస్తూ నేర్చుకుంటారని గోడ మీద రాశారు. చేసేది షాగుఫ్తా. మోసుకెళ్లేది తల్లిదండ్రులం. మూడో తరగతి చదివే మా సూర్యగాడి పనల్లా కింద పేరు రాయడం, అదీ మా ఆవిడ గుర్తుచేస్తే.

పాతకాలపు చదువు శుద్ధ దండగని ఆ బడి మీటింగుల్లో గొంతు చించుకునేవాళ్లలో నేనొకణ్ణి. శ్రీకాకుళంలో ఎక్కాలు అప్పజెప్పి, తొడపాశాలు తిని ఉద్యోగం తెచ్చుకున్నవాణ్ణి. ఆ మాత్రం జ్ఞానోదయం కావద్దూ!

షాగుఫ్తా కూతురు నౌషీన్‌కి ఎనిమిదేళ్లు. ఆ బడిలో ఫీజు లేని సీటు ఒకటి ఖాళీగా ఉందని తెలిసి షాగుఫ్తా నా దగ్గరికొచ్చింది.

"జెర మాటసాయం చెయ్యన్నా. పిల్ల సొంతంగ చేసిన వస్తువొకటి తెమ్మన్నరు."

"ఏముందమ్మా, నువ్వో అగ్నిపర్వతం చేసి పడెయ్."

"పిల్ల సొంతంగ అని రాసిండ్రు గదన్నా. నేను చెయ్యి పెట్ట."

ఇలాంటివాళ్లకి ఏం చెప్తాం?

నౌషీన్ చెప్పుల డబ్బా, దారపు రీలు, పురికొసతో మేడ మీదికి కూరలు చేదుకునే బుట్ట చేసింది. వంకరగా ఉంది, జిగురు కారింది. కానీ తాడు లాగితే బుట్ట సుద్దముక్కల్ని మోసుకుంటూ పైకెళ్లింది. నాకు భలే ముచ్చటేసింది.

ముగ్గురం బడికెళ్లాం. ప్రిన్సిపాల్ మేడం ఆ తాడు ముట్టుకోలేదు.

"పాప బాగానే కష్టపడింది. కానీ ఫినిషింగ్ లేదు. మా పిల్లల లెవెల్ చూడండి," అని వెనక అల్మారా చూపించింది. అరలనిండా షాగుఫ్తా చేతిపనే. ముందు వరసలో సూర్య పేరుతో అగ్నిపర్వతం, దానికి ఫస్ట్ ప్రైజు రిబ్బను.

షాగుఫ్తా మొహం ఎర్రబడింది. "మేడం, గివన్నీ నేను చేసినవే. ఇగో, ఈ సూర్యది సుత."

మేడం నవ్వు చెదరకుండా నావైపు తిరిగింది. "సర్, ఇది మీ సూర్య చేసిందే కదా?"

వాడు వచ్చే ఏడు కూడా అక్కడే చదవాలి. ఆ రిబ్బను ఫొటో నేను శ్రీకాకుళంలో చుట్టాలందరికీ పంపాను.

"అవునండీ, వాడే చేశాడు," అన్నాను.

షాగుఫ్తా బుట్ట చంకన పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. సీటు ఇంకెవరికో ఇచ్చారు.

సోమవారానికి సూర్య గాలిమర ప్రాజెక్టు ఇవ్వాలి. ఆ షాపు ముందు నుంచి నడిచే మొహం లేక, థర్మాకోల్ కోసం మోండా మార్కెట్ దాకా పోయొచ్చాను. రెండు రోజులుగా కోస్తున్నాను. వేలు తెగింది గానీ రెక్క తిరగడం లేదు.

"నౌషీన్‌కి వచ్చు నాన్నా. అడగనా?" అంటున్నాడు సూర్యగాడు.