నాయిన పేరు, నల్లటి అక్షరం

మా నాయిన సైన్‌బోర్డు పెయింటర్. బన్సీలాల్‌పేటలోని మా ఇంట్లో ఆయన నమూనా అక్షరాల నోటుబుక్కు ఒకటుండేది. అందులో నేను చిన్నప్పుడే మనసు పారేసుకున్నది ఓల్డ్ ఇంగ్లిష్ అనే అక్షరాల తీరు. నల్లటి లావు గీతలు, వాటి పక్కన వెంట్రుకంత సన్నవి, ప్రతి గీత కొసనా డైమండు ముక్క. కిరాణా కొట్ల బోర్డులకు దాన్ని ఎందుకు వాడవని అడిగితే, చదవడం కష్టమనేవాడు. ఆ నోటుబుక్కు సంచిలో పెట్టుకుని వెళ్లిన రోజు మాత్రం పెరటి నల్లా దగ్గర స్నానం చేస్తేగానీ ఇంట్లోకి వచ్చేవాడు కాదు. టర్పెంటైన్ వాసన పోవడానికనుకునేదాన్ని.

ఇప్పుడు సికింద్రాబాద్‌లో నాకో చిన్న డిజైనింగ్ షాపుంది. సర్టిఫికెట్లకు, బార్ల బోర్డులకు, టాటూలకు ఆ అక్షరమే కావాలని వస్తుంటారు. కొందరు మొత్తం క్యాపిటల్ అక్షరాల్లోనే వేయమంటారు. అలా వేస్తే ఇనుప గేటు కనపడుతుంది గానీ పేరు కనపడదని గొడవపడతాను. దాని సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదని పొగరు కూడా ఉండేది.

నాయిన షష్టిపూర్తికి పత్రిక నేనే చేస్తానన్నాను. ఎవరికీ ముందుగా చూపించలేదు. అట్ట మీద ఇంగ్లిషులో ఆయన పేరు, ఆయన నోటుబుక్కులోని ఆ అక్షరంతోనే. అరవై ఏళ్లు ఎప్పటినుంచో తెలియాలని కింద పుట్టిన తేదీ కూడా పెట్టాను. కట్ట తెచ్చి అమ్మానాయినల ముందు పెట్టి, మెచ్చుకుంటారని నిలబడ్డాను.

అమ్మ ఒక్కసారి చూసి కార్డు బోర్లించింది. నాయిన దాన్ని మళ్లీ తిప్పాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అమ్మే చెప్పింది. ఆ నోటుబుక్కు పట్టుకుని ఆయన వెళ్లింది సమాధి రాళ్లు చెక్కేవాళ్ల దగ్గరికట. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ ఆయన ఆ అక్షరంలోనే రాయి మీద గీసిస్తే వాళ్లు చెక్కేవారట. పెరట్లో స్నానం అందుకేనట. కార్డు వైపు చూశాను. రెండో తేదీ ఒక్కటే తక్కువ. బతికున్న తండ్రికి కన్నకూతురినై ఉండి నేను చేసిన పని ఇది.

ఏడుస్తూ కార్డులన్నీ చింపబోతుంటే నాయిన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎన్నేండ్లో రాసిన బిడ్డా. నేను రాసిన పేర్లల్ల ఒక్కలు సుత తమ పేరు సూస్కోలే. నేనొక్కన్నే సూస్కుంటున్న."

కళ్లద్దాలు పెట్టుకుని, మొదటి అక్షరం నడుము జెర సన్నగైందని తప్పు కూడా పట్టాడు. తర్వాత ఒక కార్డు జేబులో పెట్టుకుని, మిగతావి తీసెయ్యమన్నాడు. మర్నాడే మామూలు తెలుగు అక్షరాల్లో కొత్తవి అచ్చు వేయించాను.

షష్టిపూర్తి బాగానే జరిగింది. తర్వాత ఒకరోజు ఆయన నోటుబుక్కు తెరిస్తే ఆ కార్డు కనిపించింది. పుట్టిన తేదీ మీద తెల్ల పెయింటు వేసి, పేరు మాత్రం ఉంచుకున్నాడు.