మేకపిల్ల సినిమాకు నేనిచ్చిన సర్టిఫికెట్

ఇప్పుడైతే బొమ్మల సినిమా మొదలయ్యే ముందు ఏడేళ్ళు దాటినవాళ్ళకనో, పెద్దలు పక్కన ఉండాలనో తెర మూలన చిన్న అక్షరాలు పడతాయి. మనం వాటిని చదవకుండానే చిప్స్ పాకెట్ విప్పుకుంటాం. మా రోజుల్లో, అంటే క్యాసెట్లు ఆడించే వీసీపీ అద్దెకు తెచ్చుకుని దాని ముందు అందరం చాపలేసుకుని కూర్చున్న ఆ తొంభైల్లో, అరకు దగ్గరి మా ఆశ్రమ పాఠశాలలో ఆ చిన్న అక్షరాల పని ఒక మనిషి చెయ్యాల్సొచ్చేది. ఆ మనిషిని నేనే. వయసు ఇరవై రెండు, మీసం వద్దామా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది, ఉద్యోగం కాంట్రాక్టు. పసిపిల్లల గురించి నాకు తెలిసిందల్లా బీఈడీ నోట్సులో ఎర్రగీత గీసుకున్నంత మేరకే.

ఆ పదవి నాకు రావడానికి కారణం అంతకుముందు నెలలో మా హెడ్మాస్టరుగారు ముచ్చటపడి వేయించిన రాక్షసుల సినిమా. అది చూసి ముగ్గురు పిల్లలకు జ్వరాలొచ్చాయి. తల్లిదండ్రులు కొండ దిగొచ్చి వాళ్ళని తీసుకుపోయారు, మళ్ళీ పంపలేదు. హెడ్మాస్టరుగారిది పార్వతీపురం వైపు. ఆయనకు కోపమొచ్చినా సంతోషమొచ్చినా గొంతు ఒకేలా ఉండేది. "ఈసారి ముందు నువ్వు సూసి కాయితం మీద రాసియ్యాల. ఒక్క గుంట ఏడ్సినా, ఒక్క గుంటడికి ఒళ్ళు ఎచ్చబడినా నీ రెన్యువల్ సంగతి నాకు తెల్దు. ఏటి, ఇనబడిందా?" అన్నారు. బాగా వినబడింది.

ఆదివారం పొద్దున్న స్టాఫ్ రూములో తలుపు వేసుకుని, ఒడిలో నోట్‌బుక్కు పెట్టుకుని, ఆ ఇంగ్లీషు బొమ్మల సినిమా మొత్తం ఒక్కణ్ణే చూశాను. ముద్దులు, దెయ్యాలు, మందు, కొట్లాటలు అని నాలుగు గళ్ళు గీశాను. తప్పిపోయిన మేకపిల్ల అడవి దాటి ఇల్లు చేరే కథ. దారి పొడవునా ఓ పెద్దపులి వెంటపడుతుంది, చివరికి బండమీద నుంచి వరదలో పడి చచ్చిపోతుంది. ముద్దుల గడిలో ఒకటే పడింది (కుందేలు, ఇంకో కుందేలు, బుగ్గ మీద, అయినా రెండుసార్లు వెనక్కి తిప్పి నిర్ధారించుకున్నాను). తర్వాత నాకొచ్చిన గ్రాంథికమంతా కూడదీసుకుని ఇలా రాశాను: "ఈ చిత్రమును నేను ఆద్యంతము వీక్షించితిని. ఇందు భయానకమైనది ఏమియు లేదు. చివర పులి మరణించును గనుక పిల్లలు మిక్కిలి సంతోషింతురు." హెడ్మాస్టరుగారు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, "సాయంత్రం బస్సుకి వొచ్చెత్తాను" అని మీటింగుకు పాడేరు వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం కిటికీలకు హాస్టలు దుప్పట్లు కట్టి సినిమా వేశాం. ఇంగ్లీషు ఎవరికీ రాదు కాబట్టి టీవీ పక్కన నిలబడి తెలుగులో వ్యాఖ్యానం చెప్పే పని కూడా నాదే. కుందేళ్ళ దగ్గర "చెవిలో రహస్యం చెబుతోంది" అని దాటేశాను. పులి కనబడగానే ఎవరు జడుసుకుంటారోనని ఒక్కొక్క మొహమే చూస్తే, ఓ పన్నెండు మంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కోతి అరటిపళ్ళు ఎత్తుకుపోతే ఇంకో జట్టు ఈలలు వేసింది. ఆహా, ఎంత ధైర్యవంతులు, ఎంత గొప్ప ఎంపిక నాది అనుకున్నాను. ఉత్సాహం పట్టలేక గొంతు పెంచేశాను. పులి నీళ్ళలో పడగానే "చచ్చింది దొంగపులి!" అని కేకేసి, నేనే చప్పట్లు కొట్టాను.

నా ఒక్కడి చప్పట్లే వినబడ్డాయి. ఇందాకటి పన్నెండు మందీ బిక్కమొహాలతో లేచారు. వాళ్ళలో రెండో తరగతి పిల్ల ఒకతె ఉండేది, చిన్నదైనా ఘాటైనది, అందరం మిరపకాయ అనేవాళ్ళం. "మా పులి సచ్చిపోనాది మాస్టారూ. గెడ్డకెళ్ళి తానం సెయ్యాల," అని తలుపు వైపు నడిచింది. మిగతావాళ్ళు వెనకాలే. డిసెంబరు నెల, అరకు చలి, గెడ్డంటే కొండవాగు, నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి!

నేను తలుపుకు అడ్డం పడి నిలబడితే, అప్పుడే గుడ్డు కూర దించి వచ్చిన వంటామె గరిటమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఈళ్ళది పులి గోత్రం బాబూ. పులి పోతే ఇంట్లో పెద్దోడు పోయినట్టే. తానం సేత్తే గానీ ముద్ద ముట్టరు. అలాగే కోతి గోత్రమోళ్ళున్నారు, నాగుపావు గోత్రమోళ్ళున్నారు. నాలుగు నెలల్నుంచి ఆ గోత్రాల ఇంటిపేర్లతోనే హాజరు పిలుత్తన్నారు, మీకు తెల్దేటి?" నాకు తెలీదు. ఇంటిపేర్లు హాజరు పిలవడానికే అనుకున్న తెలివి నాది. నాలుగు గళ్ళు గీశాను గాని ఐదో గడి ఒకటుంటుందని ఏ నోట్సులోనూ లేదు. ఇప్పుడు స్నానం చేస్తే జ్వరాలు, చెయ్యకపోతే పస్తులు, ఎటు చూసినా నా ఉద్యోగం గెడ్డలోనే.

ఏం చెయ్యాలో తోచక వీసీపీ మీదున్న వెనక్కి తిప్పే బటన్ నొక్కాను. వరద వెనక్కి పారింది. పులి తోక ముందుగా నీళ్ళలోంచి లేచి, గాల్లో తేలుతూ వచ్చి బండమీద నిలబడింది. "చూశారా, చూశారా! చావలేదు! ఈదుకుంటూ వచ్చేసింది!" అని గెంతాను. "తోక ముందొచ్చిందేటి మాస్టారూ?" అని ఎవరో అడిగితే, "వరదలో అలాగే వస్తుంది!" అన్నాను, చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుంటూ. మిరపకాయ టీవీ వైపు చూసింది, నా వైపు చూసింది, తర్వాత వెనక్కి తిరిగి వాళ్ళ భాషలో అందరితో ఏదో చెప్పింది. అంతా ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, దుప్పట్లు ఊడేలా కేకలు పెట్టారు. గుడ్డు కూర గిన్నె అడుగు కనబడేదాకా తిన్నారు.

సాయంత్రం బస్సు దిగుతూనే హెడ్మాస్టరుగారు "ఎవులైనా ఏడ్సారేటి?" అన్నారు. "మాస్టారే ఏడ్సినారు సార్," అంది మిరపకాయ. ఉల్లిపాయలు తరిగానని చెప్పాను. రెన్యువల్ వచ్చింది.

మొన్నామధ్య అరకు ఆసుపత్రికి బీపీ చూపించుకోవడానికి వెళితే, నా చేతికి పట్టీ చుడుతున్న నర్సు "నన్ను గుర్తుపట్టినారా మాస్టారూ? పులి," అంది. ఆ కళ్ళు చూడగానే మిరపకాయ అని గుర్తుపట్టాను. ఇన్నేళ్ళుగా దాచుకున్న గర్వమంతా పైకి తెచ్చుకుని, "నీ పులిని ఎలా బతికించానో గుర్తుందా?" అన్నాను. పకపకా నవ్వింది. "మేకపిల్ల కూడా వెనక్కే నడిసింది కదేటి! టేపు తిప్పినారని అప్పుడే తెల్సు." మరి వాళ్ళ భాషలో ఏం చెప్పావని అడిగాను. "మాస్టారు బయపడిపోనారు, పాపం కొత్తోరు, ఏడిసేత్తారు, పులి బతికిందనీయండని సెప్పినాను. తానాలు సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్ళి సేసేసినాం లెండి."

ఆ సినిమా చిన్నపిల్లలకు తగునా తగదా అని పొద్దున్నంతా కూర్చుని నాలుగు గళ్ళలో తేల్చినవాణ్ణి నేను. ఇరవై రెండేళ్ళ ఆ కుర్రమాస్టారు దేన్ని తట్టుకోగలడో, దేన్ని తట్టుకోలేడో ఆ రెండో తరగతి పిల్ల గళ్ళేవీ గీయకుండానే తేల్చేసింది. "నవ్వకండి మాస్టారూ, బీపీ సరిగ్గా రాదు," అంటోంది. నాకు నవ్వు ఆగడం లేదు.