నేను పెట్టని పేరు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నాకు నవ్వొచ్చేది. మార్కాపురంలో ఇంటి దగ్గరే కూర్చుని కంప్యూటర్‌కి రూల్స్ రాయడం నా ఉద్యోగం. గిద్దలూరు, దొనకొండ వైపు ఊళ్ళలోని గర్భిణుల వివరాలు మాకు వస్తాయి. బీపీ ఇంత దాటి, కాళ్ళు కూడా వాస్తే ఆస్పత్రికి పంపాలి, ఇలాంటివి రాస్తాను.

ప్రతి రూల్‌కీ ఒక పేరు తగిలించాలి. హెచ్చరిక వస్తే, అది ఏ రూల్ వల్ల వచ్చిందో ఆ పేరే చూపిస్తుంది. అంకెలు నాకు గుర్తుండవు కాబట్టి చుట్టాల పేర్లు పెట్టేదాన్ని. మా మేనత్త పేరు పెట్టిన రూల్ అచ్చం ఆమెలాగే అయినదానికీ కానిదానికీ కేకలేస్తుంది.

మా అవ్వ గురవమ్మ పేరు మాత్రం పెట్టలేదు. అప్పటికి ఆమె పోయి ఏడాది నిండలేదు. సంవత్సరీకం అయ్యేదాకా పోయినవాళ్ళ పేరు ఇంట్లో పలకకూడదని అమ్మ పట్టింపు. నాకు నమ్మకం లేకపోయినా అమ్మను నొప్పించలేక ఊరుకున్నాను.

ఒకరోజు పొద్దున మా వదిన దొనకొండలోని పుట్టింటికి పోవడానికి సంచి సర్దుకుంటోంది. ఎనిమిదో నెల. ఆమె వివరాలూ మా కంప్యూటర్‌లో ఉన్నాయి. నా స్క్రీన్ మీద హెచ్చరిక పడింది. వదినను వెంటనే ఆస్పత్రికి పంపాలట. రూల్ పేరు గురవమ్మ.

ఎంత వెతికినా ఆ పేరుతో రూల్ లేదు. రాసేది నేనొక్కదాన్నే. పేరు వచ్చిందంటే రూల్ ఉండి తీరాలి.

వదిన బీపీ మామూలుగానే ఉంది. తనకేం కాలేదని, వాళ్ళ నాయన స్టేషన్‌కి వస్తాడని నవ్వేసింది. అమ్మకు పేరు సంగతి చెప్పాను. ఆమె వదిన చేతిలో సంచి తీసేసుకుని, "రైలు రేపు గూడా ఉంటాది. ముందు ఆస్పత్రికి పదండి" అంది.

డాక్టరమ్మ చూసి ఏమీ లేదంది. మేమింకా వరండాలో ఉండగానే వదినకు ఫిట్స్ వచ్చాయి. ఆపరేషన్ చేసి తల్లినీ బిడ్డనూ బతికించారు. అదే రైల్లో అయితే ఏమయ్యేదో తల్చుకోవడానికే భయం.

ఆ రూల్ ఎలా ఉంటుందో కనుక్కుని రాయాలని చాలా తంటాలు పడ్డాను. పేరైతే వచ్చింది గానీ, అది వదినలో ఏం చూసిందో నాకు అంతుపట్టలేదు.

పోయిన నెల గిద్దలూరు దగ్గర ఒక ఊళ్ళో ఎనిమిదో నెల అమ్మాయి ఫిట్స్ వచ్చి చనిపోయింది. ఆమె రీడింగులూ వదినవీ పక్కపక్కన పెట్టి చూశాను. ఏ తేడా లేదు. కానీ ఆమెకు హెచ్చరిక రాలేదు. మా ఇంటి మనిషికి వచ్చింది, ఆ అమ్మాయికి ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళమ్మ అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియదు.